పల్నాటి ఎండలో గిటార్ నెక్

ఆంధ్రలో ఎండల మాట వచ్చిన ప్రతి వేసవిలోనూ రెంటచింతల పేరు వినపడుతుంది. అదే పల్నాటి ఎండ పిడుగురాళ్లలోనూ కాస్తుంది, పైగా ఇక్కడ సున్నపు బట్టీల సెగ కూడా. చర్చిల్లో ఆరాధన పాటలకు, పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాల్లో ఎలక్ట్రిక్ గిటార్ పట్టే కుర్రాళ్లకు ఈ వేడి చేసే పని బాగా తెలుసు. మే నెల వచ్చేసరికి నెక్ (మెడ) అంచున ఫ్రెట్ల (లోహపు మెట్ల) కొనలు బయటికొచ్చి అరచేతికి గీసుకుంటాయి, తీగలు ఫ్రెట్లకు తగిలి జరజరమంటాయి. వానలు పడ్డాక అదే నెక్ ముందుకు వంగి తీగలు పైకి లేస్తాయి, నొక్కలేక వేళ్లు నొప్పి పుడతాయి. చాలామంది అప్పుడు గిటార్ పాడైపోయిందనుకుని అటక ఎక్కిస్తారు. నిజానికి పాడైంది నెక్ ఒక్కటే, చాలాసార్లు అదీ పూర్తిగా పాడవదు. పాడైనా దాన్ని మార్చుకోవచ్చు.

ఇలా మార్చుకునే వీలు లియో ఫెండర్ పుణ్యం. ఆయన కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసేవాడు. వస్తువును విప్పి, చెడిన భాగం తీసి, మంచిది వేసి మళ్లీ బిగించడం ఆయన రోజువారీ పని. గిటార్ చేసినప్పుడూ అదే బుద్ధి పనిచేసింది. 1950లో వచ్చిన ఎస్క్వైర్ గిటార్‌కు నెక్‌ను జిగురుతో అతికించకుండా నాలుగు స్క్రూలతో బాడీకి బిగించాడు. 1954 నాటి స్ట్రాటోకాస్టర్‌దీ ఇదే పద్ధతి. మొదటి ఎస్క్వైర్లలో మేపుల్ చెక్క గట్టిదనే నమ్మకంతో లోపల ఇనుప కడ్డీ పెట్టలేదు. కొన్ని నెక్‌లు వంగి వెనక్కి వచ్చాయి. ఆ ఏడాది తిరక్కుండానే కడ్డీ వచ్చి చేరింది. మనం ట్రస్ రాడ్ అనేది దాన్నే. గిబ్సన్ కంపెనీలో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ పేరిట 1923లోనే దానికి పేటెంట్ ఉంది. తీగలన్నీ కలిసి దాదాపు 45 కిలోల బరువుతో లాగుతుంటే, ఆ లాగుడుకు లోపలి నుంచి ఎదురు నిలిచేది ఈ కడ్డీయే.

మన వీణ దారి వేరు. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో ఒకే పనస దుంగలోంచి కుండ, దండి, యాళి తల అన్నీ తొలిచి ఏకాండి వీణ చేస్తారు. దాని దండి మార్చడమనేది ఉండదు. కానీ ఆ వీణకూ కొత్తగా వేసుకునే భాగం ఉంది. 24 మెట్లూ మైనం మీద నిలిచి ఉంటాయి. ఎండకు మైనం మెత్తబడి మెట్టు జరిగితే స్వరం తప్పుతుంది, అప్పుడు మైనం తీసి మెట్లు మళ్లీ కట్టిస్తారు. వాద్యం తరాలపాటు బతకాలంటే చెడే చోటు ఏదో చేసేవాడికి ముందే తెలియాలి. బొబ్బిలి పనివాళ్లకూ తెలుసు, ఫెండర్‌కూ తెలుసు.

కొత్త నెక్ కొనే ముందు పాతదాన్ని పరీక్షించాలి. మొదటి ఫ్రెట్ దగ్గర ఒక వేలు, చివరి ఫ్రెట్ దగ్గర ఇంకో వేలు పెట్టి లావు తీగను నొక్కి, ఏడో ఫ్రెట్ దగ్గర సందు చూడండి. 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్లు ఉంటే నెక్ ఆరోగ్యంగా ఉన్నట్టే. ఎక్కువ ఉంటే ట్రస్ రాడ్ మరను కుడివైపు, అసలు లేకపోతే ఎడమవైపు, ఒక్కోసారి పావు తిప్పు మాత్రమే తిప్పి చూడాలి. బయటికొచ్చిన ఫ్రెట్ కొనలను సన్న ఆకురాయితో సరిచేయవచ్చు. మర అరిగిపోయినా, కడ్డీ తెగినా, తల వైపు నుంచి చూస్తే నెక్ మెలి తిరిగినట్టు కనిపించినా ఇక మార్చాల్సిందే. మెలి తిరిగిన చెక్కను ఏ కడ్డీ నిటారుగా నిలపలేదు.

కొనేటప్పుడు రంగు, తల ఆకారం, దాని మీది పేరు చివర చూడాల్సినవి. మొదట చూడాల్సింది కొలత. నట్ (తల దగ్గర తీగలు ఆనే పట్టీ) దగ్గర నుంచి 12వ ఫ్రెట్ వరకు కొలవండి. దానికి రెట్టింపు తీగ మోగే మొత్తం పొడవు, అంటే స్కేలు. 324 మిల్లీమీటర్లు వస్తే అది ఫెండర్ తరహా 25.5 అంగుళాల స్కేలు. 314 వస్తే గిబ్సన్ వాడే 24.75 అంగుళాల స్కేలు. నెక్‌ను బాడీ గాడిలో కూర్చోబెట్టాక 12వ ఫ్రెట్ నుంచి బ్రిడ్జి మీద తీగ ఆనే చోటికి కూడా ఇంచుమించు అంతే దూరం రావాలి. బ్రిడ్జి స్క్రూలు సర్దగలిగేది కొద్ది మిల్లీమీటర్లే. స్కేలు తప్పితే ఎంత ఖరీదైన నెక్ అయినా పైఫ్రెట్లలో అపస్వరమే పలుకుతుంది. ఇందులో రాజీ పడకూడదు.

తర్వాత నెక్ మడమ, అంటే గాడిలో కూర్చునే భాగం. ఫెండర్ కొలతలో దాని వెడల్పు దాదాపు 56 మిల్లీమీటర్లు. స్ట్రాటోకాస్టర్ మడమ గుండ్రంగా, ఫెండర్‌దే అయిన టెలీకాస్టర్ గిటార్ మడమ నలుచదరంగా ఉంటుంది, ఒకదాని గాడిలో రెండోది సరిగ్గా ఇమడదు. మన దగ్గర ఎక్కువగా దొరికేవి చవక నకళ్లు, వాటి గాడి ఒక మిల్లీమీటరు అటూఇటూ అవుతుంది. కాబట్టి నెక్ పేరు చెప్పి తెప్పించుకోవడం కన్నా బాడీ పట్టుకుని దుకాణానికి వెళ్లడం మేలు. మడమ రవ్వంత పెద్దదైతే గీకి సరిచేయవచ్చు, చిన్నదైతే బిగువు రాదు. తీగలు బిగించే కీల రంధ్రాలు కూడా చూసుకోవాలి. ఇప్పటి కీలకు 10 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి, పాత తరహా కీలకు అంతకన్నా చిన్నది చాలు.

చెక్క విషయంలో పల్నాడు వాళ్లు మిగతావాళ్ల కన్నా జాగ్రత్తగా ఉండాలి. చెక్క పొడవునా పెద్దగా మారదు, అడ్డంగా కుంచించుకుంటుంది, ఉబ్బుతుంది. అందుకే ఎండాకాలం ఫ్రెట్ కొనలు బయటపడతాయి. తల నుంచి మడమ దాకా రేఖలు తిన్నగా సాగిన నెక్‌నే తీసుకోండి. మడమ కొన దగ్గర ఆ రేఖలు నిలువుగా కనిపిస్తే ఇంకా మంచిది, అలాంటి కోత చెక్క తక్కువ మెలి తిరుగుతుంది. కొంత ఎక్కువ పెట్టగలిగితే రోస్టెడ్ మేపుల్‌కు పెట్టండి. గాలి తగలకుండా బాగా కాల్చిన ఆ చెక్క తేమను తక్కువ పీలుస్తుంది, తక్కువ వదులుతుంది. నా దృష్టిలో ఈ ఊళ్లకు పెద్ద బ్రాండు పేరు కన్నా ఇదే విలువైనది. పైన అతికే పలకకు రోజ్‌వుడ్ అయితే, అది చాలావరకు మన దక్షిణాది అడవుల ఇరుగుడే. ప్రపంచంలో ఎన్నో గిటార్ల మీద వేళ్లు నడిచేది ఈ చేవ మీదే. 2017లో దీని రవాణా మీద వచ్చిన అంతర్జాతీయ ఆంక్షల నుంచి పూర్తయిన వాద్యాలకూ వాటి భాగాలకూ 2019లో మినహాయింపు దొరికింది.

ఇక చేతికి నప్పడం. నట్ వెడల్పు 42 మిల్లీమీటర్లా, 43 మిల్లీమీటర్లా అన్నది మీ వేళ్లే చెప్పాలి. పలక వంపు మాత్రం మన సంగీతానికి ముఖ్యం. 7.25 అంగుళాల వ్యాసార్ధం గల పాత వంపు మీద తీగను అడ్డంగా లాగితే పైస్వరాలు మూగబోతాయి. గమకం పలికించాలనుకునేవాళ్లకు 12 అంగుళాల వ్యాసార్ధం గల చదునైన పలక, కాస్త ఎత్తైన ఫ్రెట్లు కావాలి. వీణలో మెట్లు అంత ఎత్తుగా నిలబడేది అందుకే. విద్వాంసుడు ఎస్. రామనాథన్ దగ్గర వీణ నేర్చుకున్న గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, శక్తి బృందంలో ఫ్రెట్ల నడుమ చెక్కను లోతుగా తొలిపించిన గిటార్ వాయించాడు. ఆ తర్వాత రిమెంబర్ శక్తి బృందంలో ఆయన పక్కన ఎలక్ట్రిక్ మాండొలిన్ వాయించింది మన పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్. రెండేసి తీగల నాలుగు జతలుండే మాండొలిన్‌ను ఐదు ఒంటి తీగలకు మార్చి, రాగాలన్నీ అందులో పలికించినవాడు. వాద్యాన్ని ఉన్నది ఉన్నట్టు తీసుకోకుండా తన సంగీతానికి తగినట్టు మలచుకోవడం ఎలాగో ఆయన మనకు చూపించి వెళ్లాడు.

బిగించే పని నిదానం తెలిసిన వడ్రంగి చేయగలడు. నెక్‌ను గాడిలో పెట్టి, రెండు చివరి తీగల స్థానంలో దారాలు లాగి, అవి పలక అంచులకు సమదూరంలో ఉన్నాయో లేదో చూసి, అప్పుడే రంధ్రాల గుర్తు పెట్టాలి. మేపుల్ చాలా గట్టిది. ముందు స్క్రూ కన్నా సన్నని రంధ్రం వేసి, స్క్రూకు సబ్బో మైనమో రాసి బిగించకపోతే స్క్రూ తల తెగుతుంది, చెక్క చీలుతుంది. బర్మాకు ఎంత లోతు వరకు వెళ్లాలో టేపు చుట్టి గుర్తు పెట్టుకోవాలి, లేదంటే అది పలక పైకి పొడుచుకొస్తుంది.

ఇలా మార్చి కట్టిన గిటార్ తక్కువదేమీ కాదు. గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ ఏళ్ల తరబడి వాయించిన బ్లాకీ అనే గిటార్, మూడు పాత స్ట్రాటోకాస్టర్ల భాగాలు కలిపి చేసినదే. 2004 వేలంలో అది 9,59,500 డాలర్లకు అమ్ముడైంది.

పల్నాడు చిన్న పట్టణాల్లో గిటార్లు వాయించేవాళ్లు పెరుగుతున్నారు, వాటిని బాగుచేసే చేతులు మాత్రం ఆ లెక్కన పెరగలేదు. ఫ్రెట్లు చదును చేయడం, నట్ కోయడం, నెక్ బిగించడం వడ్రం పని వచ్చిన యువకులు నేర్చుకోదగిన విద్యలు, వీటికి కావాల్సిన పనిముట్లు ఒక చిన్న పెట్టెలో పడతాయి. చర్చి సంఘాలు, ఆర్కెస్ట్రా బృందాలు తమ అటకల మీది గిటార్లను అలాంటి కుర్రాళ్ల చేతికిచ్చి పని నేర్చుకోనివ్వాలి.