బీరువా కూడా పలుకుతుంది

పదేళ్ల కిందటి సాయంత్రం. మా కాలేజీ ల్యాబ్‌లో ఓ డైపోల్ యాంటెన్నా రేడియేషన్ ప్యాటర్న్, అంటే ఏ దిక్కుకు ఎంత సిగ్నల్ పోతుందో చూపే పటం, తీస్తున్నాం. వైఫై నడిచే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర. డైపోల్ పక్కభాగం రిసీవర్‌కు ఎదురుగా ఉంటే సిగ్నల్ నిండుగా రావాలి. కొన ఎదురుగా ఉంటే దాదాపు ఏమీ రాకూడదు. ఆ రాకపోవడాన్నే నల్ అంటాం. మాకు మాత్రం కొనవైపు కూడా 12 డెసిబెల్స్ మాత్రమే తగ్గింది. రిసీవర్ ఉన్న స్టూలు మూడు సెంటీమీటర్లు జరిపితే 19 అయింది. వెనక్కి జరిపితే మళ్లీ 12.

"యాంటెన్నా పాడైందేమో సార్" అన్నాడు నాతో ఉన్న కుర్రాడు.

మూడు సెంటీమీటర్లంటే ఆ తరంగం పొడవులో పావు వంతు. అంత చిన్న కదలికకే లెక్క మారిందంటే రెండు దారుల్లో వచ్చిన తరంగాలు కలుస్తున్నట్టే. చుట్టూ చూశాను. కొన రిసీవర్ వైపు తిరిగినప్పుడు, డైపోల్ గట్టిగా పలికే పక్కభాగం సరిగ్గా గోడవారనున్న స్టీలు బీరువాకు ఎదురుగా వస్తోంది. అది తిప్పికొట్టినదంతా మా కొలతలో చేరుతోంది.

నిండు సిగ్నల్ కంటే 20 డెసిబెల్స్ తక్కువున్న ప్రతిధ్వని, శిఖరం దగ్గర కొలతను సుమారు 0.9 డెసిబెలే అటూ ఇటూ చేస్తుంది. ఎవరూ పట్టించుకోరు. నల్ దగ్గర అదే ప్రతిధ్వని అసలు సిగ్నల్‌ని మింగేస్తుంది. అందుకే ఎవరైనా ప్యాటర్న్ చూపిస్తే నా కళ్లు ముందు నల్ వైపే పోతాయి.

ఈ బాధ రేడియో పుట్టినప్పటిదే. 1888లో కార్ల్స్‌రూహేలో హైన్‌రిష్ హెర్ట్జ్ 15 మీటర్ల పొడవు, 14 మీటర్ల వెడల్పున్న లెక్చర్ హాల్లో తరంగాలు కొలిచాడు. అందులోని ఇనుప స్తంభాల వరుసలు గోడల్లాగే అడ్డుపడుతున్నాయని గమనించి, వాటి మధ్యనున్న 8.5 మీటర్ల వెడల్పునే లెక్కలోకి తీసుకున్నాడు. గదిని కూడా పరికరంలో భాగంగా చూసిన ఆ శ్రద్ధంటే నాకు గౌరవం.

ప్రతిధ్వనుల్ని పీల్చేసే, కార్బన్ పట్టించిన ఫోమ్ పిరమిడ్లు గోడలనిండా ఉండే చాంబర్ మాకు లేదు. అందుకే వేరే ఉపాయం పట్టాం. బావిలోకి తొంగి "ఓ..." అని సాగదీస్తే మన గొంతూ ప్రతిధ్వనీ కలిసిపోతాయి. చటుక్కున ఒక్కసారి చప్పట్లు కొడితే విడివిడిగా వినిపిస్తాయి. మేం వాడిన టైమ్ గేటింగ్ కిటుకు అదే. నెట్‌వర్క్ అనలైజర్‌తో 2 నుంచి 3 గిగాహెర్ట్జ్ దాకా స్వీప్ చేసి, ఆ కొలతల్ని లెక్కకట్టి కాలంలోకి మారిస్తే సుమారు ఒక నానోసెకను నిడివున్న, చప్పట్లలాంటి పల్స్ వస్తుంది. అంతసేపట్లో కాంతి 30 సెంటీమీటర్లు పోతుంది. నేరుగా వచ్చే దారి మీటరున్నర, బీరువా మీదుగా మూడు మీటర్ల పైన. రెండోదాన్ని కత్తిరించవచ్చు.

యాంటెన్నా కిందనున్న బల్లను మాత్రం కత్తిరించలేం. దారుల మధ్య తేడా మరీ తక్కువ. అందుకే బల్ల తీసేసి, రేడియో తరంగాలకు దాదాపు కనబడని థర్మాకోల్ దిమ్మె పెట్టాం. ఇరుకు బ్యాండ్ యాంటెన్నాతో మరో చిక్కు. అది కొట్టిన గంటలా మోగుతూనే ఉంటుంది. ఆ మోత ఆగకముందే ప్రతిధ్వని వచ్చి పడితే, గేటు యాంటెన్నా గొంతునే కొంత కోసేస్తుంది.

ఆ రాత్రి గేటు పెట్టాక నల్ 27కు దిగింది. స్టూలు జరిపినా కదల్లేదు. "ఈ 27 కూడా డైపోల్‌దేనా, ఫీడ్ కేబుల్‌దా సార్?" అన్నాడు ఆ కుర్రాడు. కేబుల్‌ని వేరే దిక్కుగా లాగి కట్టి, మళ్లీ సున్నా డిగ్రీల నుంచి తిప్పడం మొదలుపెట్టాం.