కన్నీరు పెట్టించే ఆట

వీడియో గేమ్ అన్న మాట కనబడగానే సాహిత్య పత్రిక పాఠకుడు పుట తిప్పేస్తాడని నాకు తెలుసు. తుపాకులు, కార్ల పందాలు, పిల్లల చదువును చెడగొట్టే వ్యసనం, ఇంతకు మించి అందులో ఏముంటుందన్నది మన పెద్దల అభిప్రాయం. ఆ అభిప్రాయానికి ఆధారాలు లేకపోలేదు. అయినా ఈ నెల ఒక ఆటను గురించి, కథల సంపుటిని గురించి రాసేటంత శ్రద్ధగానే రాయదలచుకున్నాను. అది మనసును కదిలించే ఆట కావడం ఒక కారణం. పొరుగింటి భాష సంగతి చెబుతూ మన ఇంటి గుట్టు బయటపెట్టడం రెండో కారణం.

ఆట పేరు 'వెణ్బా'. తమిళ ఛందస్సులో అదొక పద్యరీతి. తిరుక్కురళ్ ఆ జాతి పద్యాలతోనే నడుస్తుంది. కెనడాలో టొరంటో నగరంలోని విసై గేమ్స్ అనే చిన్న సంస్థ ఈ ఆటను తయారుచేసి 2023 జూలై 31న విడుదల చేసింది. మరుసటి ఏడు బ్రిటిష్ అకాడమీ, అంటే బాఫ్తా వారు, ఉత్తమ తొలి ఆటగా దీనికి బహుమతి ఇచ్చారు. ఆడటానికి గంటన్నర చాలు. అందులో తుపాకీ లేదు, పందెం లేదు. వంట ఉంది.

ఆట చూసి ఏడవడమా అని ఆశ్చర్యపోయేవారికి మన భాషే జవాబు చెబుతుంది. సినిమా హాల్లో మొదటి ఆట, రెండో ఆట అంటాం. వీధి భాగోతం ఆట, తోలుబొమ్మలాట ఆట, గోలీలాటా ఆటే. ఆటకూ కన్నీటికీ పొత్తు కుదరదని మన పూర్వులు అనుకోలేదు. ఆర్కాడు సీమలో, పక్కనున్న చిత్తూరు సీమలో ద్రౌపదమ్మ గుళ్ల ముందు భారతం తిరునాళ్లు జరిగేటప్పుడు చూడండి. అర్జునుడి వేషగాడు తపసుమాను ఎక్కితే బిడ్డలు లేని ఆడవాళ్లు తడిబట్టలతో ఆ మాను కింద వరపడతారు. అక్కడ చూసేవాళ్లు వేరు, ఆడేవాళ్లు వేరు అన్న గీత నిలవదు. వచ్చినవాళ్లు కూడా ఏదో ఒకటి చేస్తారు. చేయడం వల్లనే కథ వాళ్ల ఒంటికి తగులుతుంది.

వైకుంఠపాళి కూడా మనల్ని కదిలించేదే. పై వరుసకు చేరిన కాయను పెద్దపాము మింగితే పిల్లవాడి ముఖం చూడలేం. కానీ అది ఓడిపోయిన దుఃఖం, తన కాయ కోసం తాను పడే బాధ. పరాయి మనిషి కష్టానికి మన గుండె కరగడం వేరే సంగతి. కథ, నాటకం ఇన్నాళ్లుగా చేస్తున్న పని అది. వీడియో గేమ్ ఆ పని చేయగలదా అన్నదే ప్రశ్న.

చేయగలదని చాలాకాలం కిందటే తేలింది. 1983లో అమెరికాలో వచ్చిన 'ప్లానెట్‌ఫాల్' అనే ఆటలో బొమ్మలే లేవు, తెర మీద అక్షరాలు మాత్రమే. అందులో ఫ్లాయిడ్ అనే చిలిపి మరమనిషి ఆడేవాడి కోసం ప్రాణం ఇస్తాడు. అది చదివి ఏడ్చినవాళ్లు ఉన్నారు. అయితే అక్కడ ఏడిపించింది చాలావరకు రాతే. ఆట తన సొంత పద్ధతిలో ఏడిపించడం ఎలా ఉంటుందో 2013లో వచ్చిన 'బ్రదర్స్' చూపించింది. తండ్రికి మందు తేవడానికి ఇద్దరు అన్నదమ్ములు బయలుదేరుతారు. ఆడేవాడి ఒక చేయి అన్నను నడిపిస్తుంది, రెండో చేయి తమ్ముణ్ణి నడిపిస్తుంది. గంటల తరబడి రెండు చేతులకూ ఆ అలవాటు పట్టిన తర్వాత అన్న చచ్చిపోతాడు. ఒక చేతికి పని లేకుండా పోతుంది. తమ్ముడికి నీళ్లంటే భయం. ఏరు దాటాలంటే, అన్నను నడిపిన చేత్తోనే మీట నొక్కాలి. ఆ సంగతి ఆట నోరు విప్పి చెప్పదు. మన చేయి కనిపెడుతుంది. ఈ దుఃఖాన్ని నవల ఇవ్వలేదు, సినిమా ఇవ్వలేదు. చేతికి అలవాటు చేసి, ఆ అలవాటు మీద దెబ్బ కొట్టడం ఈ కళకే సాధ్యం.

'వెణ్బా' ఈ దారినే వంటింట్లోకి తెచ్చింది. వెణ్బా, ఆమె భర్త పావలన్ తమిళనాడు విడిచి టొరంటో చేరిన దంపతులు. కథ 1988లో మొదలవుతుంది. ఉద్యోగాలు కుదరవు, చలి, ఒంటరితనం. తిరిగి పోదామా అని తర్కించుకుంటుండగా ఆమె గర్భవతి అని తెలుస్తుంది. ఆమె చేతిలో తల్లి ఇచ్చిన వంటల పుస్తకం ఉంది. దాని కాగితాలు చిరిగాయి, అక్షరాలు చెరిగాయి. మొదటి వంట ఇడ్లీ. ఇడ్లీ రేకులు ఒకదానిమీద ఒకటి ఎలా పేర్చాలి, ఆవిరి అన్నింటికీ ఎలా అందాలి అన్నది పుస్తకంలో చెరిగిపోయింది. ఆడేవాడు ఆలోచించి పేర్చాలి. తప్పితే దండన లేదు, మళ్లీ పేర్చుకోవచ్చు. మన ఇళ్లలో కళ్లు మూసుకుని చేసే పని ఇంత ఆలోచన దాచుకున్నదా అని అక్కడే తోస్తుంది.

కొడుకు కవిన్ పుట్టి పెరుగుతాడు. తల్లి తమిళంలో పలకరిస్తే ఇంగ్లీషులో బదులిస్తాడు. మధ్యమధ్య మనం మాటలు ఎంచుకునే వీలుంది గాని, ఏ మాట ఎంచుకున్నా కథ దారి పెద్దగా మారదు. ఇది లోపమని కొందరు అనవచ్చు. నాకు నిజమనిపించింది. ఎంత బతిమాలినా, ఎంత కసిరినా బిడ్డ నాలుక బడి వైపే తిరుగుతుందని మనకు తెలియదా?

ఆట గుండెకాయ తర్వాత వస్తుంది. అంతదాకా తల్లి చేతులతో వండిన మనం ఒక అధ్యాయంలో పెద్దవాడైన కవిన్ అయిపోతాం. అదే వంటింటి పని, అదే అమ్మమ్మ పుస్తకం. కానీ అందులోని తమిళం అతనికి పూర్తిగా అందదు. తల్లిగా ఉన్నప్పుడు కాగితం చెరిగింది, కొడుకుగా ఉన్నప్పుడు చదివేవాడి కంట్లోనే అక్షరం చెరిగింది. ఈ రెండు చెరుపుల తేడాను ఎవరూ ఉపన్యాసం ఇచ్చి చెప్పరు. కాసేపటి కిందట సులువుగా తిరిగిన మన చేయే తడబడి చెబుతుంది. ఈ ఒక్క ఏర్పాటు కోసం దీన్ని మంచి కథల పక్కన నిలబెట్టడానికి నాకు సంకోచం లేదు.

లోపాలు లేవని కాదు. పావలన్ పాత్ర పలచన. అతని పేరుకు కవి అని అర్థం, ఆ కవిని మనం తగినంతగా చూడనేలేదు. అంతకంటే పెద్ద చిక్కు, భాషనూ సంస్కృతినీ వంటింట్లో పెట్టి, ఆ బరువంతా తల్లి నెత్తిన వేయడం. భాష పోతే అమ్మ ఏడవాలి, నిలబడితే అమ్మ వండాలి. తండ్రులకు, బడికి, ప్రభుత్వానికి ఇందులో పాత్ర చిన్నదే. మరొకటి, పోయిన వంట ఆటలో కొద్ది నిమిషాల్లో తిరిగివస్తుంది. పోయిన భాష అలా రాదు.

ఈ ఆటను గుడియాత్తంలోనో వేలూరులోనో ఉన్న తెలుగువాడు ఆడితే అతనికి ఇంకో మెలిక కనబడుతుంది. టొరంటోలో తల్లి కాపాడుకోలేక కుమిలిపోయిన తమిళమే ఇక్కడ మన పిల్లలకు బడిభాష, వీధిభాష. అక్కడ ఇంగ్లీషు చేసిన పని ఇక్కడ తమిళం చేస్తోంది. అయితే మనం సముద్రాలు దాటి వచ్చినవాళ్లం కాదు. 1911 దాకా ఉత్తర ఆర్కాడు జిల్లాకు చిత్తూరే ముఖ్యపట్టణం. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు చిత్తూరు అటు పోయింది, గుడియాత్తం ఇటు ఉండిపోయింది. మన గడపలు ఉన్నచోటనే ఉన్నాయి. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం ఏడాదికొక తరగతి చొప్పున పైకి పాకి 2015-16లో పదవ తరగతికి చేరింది. ఆ చట్టం మంచిచెడ్డలు వేరే వ్యాసానికి తగినవి. ఇక్కడ చెప్పవలసింది ఇంతే: మన కవిన్‌లు ఊరు దాటకుండానే తయారవుతున్నారు.

ఎర్రగడ్డ, తెల్లగడ్డ, తిరగమాత అన్న మాటలు మావైపు వంటిళ్లలో ఇంకా వినిపిస్తాయి. వాటిని పలికే పిల్లలలో ఎందరికి అవి రాయడం వచ్చు? అవ్వ రాసిపెట్టిన ఊరగాయ కొలతల కాగితం ఇంట్లో ఉంటే దాన్ని చదవగలిగే మనవలు ఎందరు? ఇందుకు తమిళుణ్ణి తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. వెణ్బా పడిన బాధ తెలిసినవాడు మన బాధను అర్థం చేసుకోలేడని నేననుకోను. నిజానికి ఈ ఆటను మన తమిళ మిత్రుల చేతికిచ్చి, ఇది మా ఇంటి కథ కూడానండీ అని చెప్పవచ్చు. వాదనలు వినని చెవులు ఈ కథ వినవచ్చు.

ఆట కన్నీరు పెట్టించిందన్నది దాని గొప్పకు చాలే మాటే గాని మనకు చాలదు. కంటతడి తుడుచుకుని పెట్టె కట్టేయడం సులువు. 'వెణ్బా' ఏడిపించింది అమ్మను చూపించి కాదు, అమ్మ చేసే పనిని మన చేతికిచ్చి. భాషను నిలబెట్టుకోవడమూ అలాంటి చేతిపనే. అభిమానం ఎంత ఉన్నా, రోజుకొక పుట పిల్లవాడి పక్కన కూర్చుని చదివించే చేయి లేకపోతే అక్షరం నిలవదు. ఆ చేయి అమ్మదే కానక్కరలేదు. ఈ వ్యాసం చదవగలిగిన ప్రతివారికీ ఆ చేయి ఉంది.