తలకింత చొప్పున

పోయిన వారం పాత ఇత్తడి బిందెలు తూకానికి పోతున్నాయని నేను పెట్టిన శోకాలు చదివి ఒక పాఠకురాలు పాత వార్త ఒకటి పంపారు. పైన ఒకే ఒక్క ముక్క రాశారు: "మీ బిందెలకు అమెరికాలో ఒక అన్నగారున్నారు, చూడండి."

2012 డిసెంబరు నాటి సంగతది. కనెక్టికట్ రాష్ట్రంలో హార్ట్‌ఫర్డ్ పోలీసులు జనం దగ్గర తుపాకులు కొని కరిగించేస్తున్నారు. ఒకావిడ ఇంట్లో పడి ఉన్న తుపాకీ పట్టుకొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం నుంచి వాళ్ల నాన్న వెంట తెచ్చుకున్నదట. అక్కడున్న ఇద్దరు పోలీసులు దాన్ని చూడగానే పోల్చుకున్నారు. అది జర్మన్ల స్టుర్మ్‌గెవేర్ 44. తర్వాత కలాష్నికోవ్ నడిచిన దారి వేసింది అదే. 30 నుంచి 40 వేల డాలర్లు పలుకుతుందని లెక్క కట్టారు. కరిగిపోవలసింది ఆగిపోయింది.

చదివి ఎంత సంబరపడ్డానో! స్టీలు సామాన్లవాడు తూకం వేసి మా అమ్మమ్మ గంగాళం ఎత్తుకుపోయిన కథ ఈ కాలమ్ పాతకాపులకు కంఠతా వచ్చు కనుక మళ్లీ చెప్పను. గంగాళం దగ్గర లేని ఆ ఇద్దరు పోలీసులు ఈ తుపాకీ దగ్గర ఉన్నారు. అంతే తేడా.

అమెరికాలో ఈ కొనుగోలుకు చర్చి ఆవరణో, స్టేషన్ ముందు పార్కింగు స్థలమో చాలు. కారు డిక్కీలో తెచ్చింది అప్పగించాలి. మామూలుగా పేరు అడగరు, ఎక్కడిదని అడగరు. చేతి తుపాకీకింత, రైఫిల్‌కింత అని గిఫ్టు కార్డు చేతిలో పెడతారు. తాతగారి కోల్ట్ రివాల్వరైనా, మొన్న చవగ్గా కొన్న నాసిరకమైనా తలకింత చొప్పునే. ఆస్ట్రేలియా ఇంకాస్త మర్యాదగా చేసింది. 1996లో పోర్ట్ ఆర్థర్‌లో 35 మందిని ఒకడు కాల్చి చంపాక, నిషేధించిన రకాలకు మోడల్‌ను బట్టి ధరల పట్టిక వేసి, సుమారు ఆరున్నర లక్షల తుపాకులు తీసుకుంది. డబ్బు కోసం మెడికేర్ పన్ను 0.2 శాతం పెంచింది. అదే ఏడాది డన్‌బ్లేన్ బడిలో 16 మంది పిల్లలు, వాళ్ల టీచరమ్మ కాల్పుల్లో చనిపోయాక బ్రిటన్ చేతి తుపాకులన్నీ అప్పగించమంది. 1997 చట్టంలో పాతవాటి కోసం మాత్రం ఒక సందు ఉంచింది. 1919కి ముందు తయారై, తూటాలు సులువుగా దొరకని రకాన్ని సేకర్తలు ఇంట్లోనే ఉంచుకోవచ్చు. చరిత్ర ఉన్నవీ, పనితనం ఉన్నవీ అయితే ప్రభుత్వం చెప్పిన భద్రమైన చోట దాచుకోవచ్చు.

ఇంకేం, తుపాకులు కొనే ప్రతి బల్ల దగ్గరా వాటి విలువ తెలిసినవాణ్ణి ఒకణ్ణి కూర్చోబెట్టండి అని రాసేసి ఈ వారానికి కలం మూసేద్దామనుకున్నాను. మా పెద్దమ్మ గుర్తొచ్చింది.

మా పెదనాన్నకు చిత్తూరు జిల్లాలో వేరుశనగ చేలుండేవి. అడవిపందుల కోసమని లైసెన్సుతో ఒక తుపాకీ ఉండేది. బర్మింగ్‌హామ్‌లో చేసిన గ్రీనర్, పన్నెండు బోరు, జోడు గొట్టాలు. మడమకు వాడిన వాల్‌నట్ కర్రలో నీటి అలల్లాంటి గీతలుండేవి. ఆయన దాన్ని మెషిన్ నూనె గుడ్డతో తుడుస్తుంటే మేం పిల్లలం చుట్టూ కూచునేవాళ్లం. పందిని కొట్టింది నేనైతే చూడలేదు. దీపావళికి ఆకాశంలోకి ఒకటి పేల్చేవాడు, అంతే. ఎన్నికల నోటిఫికేషన్ రాగానే స్టేషన్ నుంచి కబురొచ్చేది. తీసుకెళ్లి డిపాజిట్ చేసి, రసీదు జేబులో పెట్టుకుని, కూతుర్ని కాపురానికి పంపినవాడిలా మొహం వేలాడేసుకుని వచ్చేవాడు. పోలింగు అయి, ఫలితాలొచ్చి, మళ్లీ అది ఇంటికి చేరేదాకా ఆయనకు అన్నం సహించేది కాదు.

పెద్దమ్మ అందుకు సరిగ్గా ఎదురు. ఊళ్లో ఏ పార్టీవాడికీ లేనంత ఆనందం ఎన్నికలంటే ఆవిడకు! మామూలు రోజుల్లో తూటాలు తీసి చింతపండు జాడీలో అడుగున దాచేది. ఆ పులుపుకు వాటి ఇత్తడి పచ్చగా చిలుము పట్టి, తీరా కావలసినప్పుడు పెదనాన్న ఇల్లంతా కేకలు. ఎందుకు దాచేదో మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. బావులు ఎండిపోయి అప్పులు పెరిగిన ఏడు మా రెండో అన్న రోజుల తరబడి మాటాపలుకూ లేకుండా గోడ వైపు తిరిగి పడుకునేవాడు. తుపాకీ ఉన్నది ఆ గోడకే.

పెదనాన్న పోయాక లైసెన్సు ఎవరూ తీసుకోలేదు. తుపాకీ స్టేషన్‌కు వెళ్లి అక్కడి సామాన్ల గదిలో ఉండిపోయింది. కొన్నేళ్లకు చూడబోతే మడమకు చెద పట్టి, గొట్టాలు తుప్పు పట్టి ఉన్నాయి. దాని మీద కూడా ఈ కాలమ్‌లో ఏడ్చాను, మీకు గుర్తుండే ఉంటుంది. పెద్దమ్మ అది చదివించుకుని ఫోన్ చేసింది. "తుపాకీకి చెద పట్టిందని రాశావు గదరా. అది పోయినప్పట్నుంచీ నాకు నిద్ర పడతా ఉండాదని రాయలేదేం?"

అమెరికాలో తుపాకీ వల్ల పోయే ప్రాణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. ఆ పార్కింగు స్థలాల్లో బారులు తీరే కార్లలో మా పెద్దమ్మలు చాలామందే ఉంటారు. వాళ్లు వచ్చింది ధర కనుక్కోవడానికి కాదు.

పైగా "పాతదాన్ని పాడు చెయ్యకండి" అనే నా పాట నాకంటే గట్టిగా పాడేవాళ్లు అక్కడున్నారు. పౌరులు అప్పగించిన తుపాకుల్ని ఊళ్లు నాశనం చెయ్యకూడదు, డీలర్లకు అమ్మాల్సిందేనని అరిజోనా రాష్ట్రం 2013లో చట్టం చేసింది. టూసాన్ నగరం మేం ముక్కలు చేస్తామని మొండికేస్తే 2017లో రాష్ట్ర సుప్రీంకోర్టు కుదరదంది. ఇవ్వాళ చర్చి దగ్గర అప్పగించింది రేపు దుకాణం అద్దాల వెనక ఉంటుందన్నమాట. మిస్సోరీ వ్యాపారి ఒకరి పద్ధతి ఇంకా చోద్యం. పోలీసులకు చేరిన తుపాకుల్ని ఉచితంగా నాశనం చేసిపెడతామంటాడు. చట్టం దృష్టిలో తుపాకీ అంటే నంబరు చెక్కిన ఆ ఒక్క భాగమే. దాన్ని నలగ్గొట్టి, గొట్టం, మడమ, మీట అన్నీ కిట్టుగా కట్టి అమ్ముకుంటాడు. 2023లో న్యూయార్క్ టైమ్స్ ఈ బాగోతం రాసింది.

ఇది చదివాక, బల్ల దగ్గర కూర్చోబెడదామనుకున్న ఆ విలువ తెలిసినవాడి మీద నాకే అనుమానమొచ్చింది. అతనికి జీతమెవరిస్తారు? మంచిదని పక్కన పెట్టింది ఎక్కడికి పోతుంది? పనిచేయకుండా చేసి మ్యూజియంలో పెడతామంటే సరే, ఆ బల్ల దగ్గర కూర్చోనివ్వండి. వేలంపాటకైతే వద్దు. అలాంటివాడు దొరకని ఊళ్లో కోల్టులూ గ్రీనర్లూ కూడా నాసిరకాలతో పాటు కరిగిపోనివ్వండి. నంబరుతో సహా పూర్తిగా కరగాలి, కిట్టు మిగలకూడదు.

మన దగ్గర 2019లో ఆయుధాల చట్టం సవరించారు. లైసెన్సు మీద మూడు తుపాకులుండేవి, ఒకటికి తగ్గిద్దామని బిల్లు తెచ్చి, అభ్యంతరాలొచ్చాక రెండు దగ్గర ఆపారు. తాతల నుంచి సంక్రమించినవి కూడా ఆ రెండింటిలోనే. వంశాల జ్ఞాపకాలు ఏమవుతాయని అప్పట్లో నేను ఆ అభ్యంతరాల వైపే గొంతు కలిపాను. ఇప్పుడెవరైనా అడిగితే బిల్లులో మొదట రాసుకున్న అంకే నయమంటాను.