నల్లమందు నిషేధం - మరచిపోయిన రుణం

మత్తు పదార్థాలు ఇస్లాంలో నిషిద్ధం (హరామ్) అన్న విషయంలో ముస్లింల మధ్య భేదాభిప్రాయం లేదు. కనుక అఫ్ఘనిస్తాన్‌లో నల్లమందు సాగు ఆగాలా వద్దా అన్నది మన చర్చనీయాంశం కాదు. ఆగవలసిందే. దానిని ఎలా ఆపుతున్నారు, ఆపడంలోని భారం ఎవరి నెత్తిన పడుతున్నది అన్నదే ప్రశ్న. 2000 నుండి నేటి వరకు ఈ పనికి రెండు శక్తులు పూనుకున్నాయి. ఒకటి ఐక్యరాజ్యసమితి, అమెరికా, బ్రిటన్ తదితర దేశాలతో కూడిన అంతర్జాతీయ యంత్రాంగం. రెండవది తాలిబాన్ ప్రభుత్వం. పరస్పరం శత్రువులైన ఈ ఇరుపక్షాలూ ఒకే కొలబద్దను వాడాయన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఆ కొలబద్ద హెక్టారు. ఎంత నేలలో గసగసాలు వేశారు, ఎంత నేలలో తొలగించారు అన్నదే లెక్క. ఆ నేల దున్నిన మనిషి మీద ఎంత అప్పు ఉన్నదన్న లెక్కను ఇరువురూ పక్కన పెట్టారు.

అప్పు పుట్టిన విధం

ఈ చరిత్రలో 1979 ముఖ్యమైన సంవత్సరం. ఆ ఏడాది పాకిస్తాన్‌లో జనరల్ జియావుల్ హఖ్ ప్రభుత్వం హుదూద్ చట్టాల్లో భాగంగా మత్తు పదార్థాలను నిషేధించింది. ఇరాన్‌లో విప్లవానంతర ప్రభుత్వమూ అదే దారి పట్టింది. డిసెంబరులో సోవియట్ సేనలు అఫ్ఘనిస్తాన్‌లో ప్రవేశించాయి. ఇరుగుపొరుగు దేశాల్లో తగ్గిన సాగు, పాలన కుప్పకూలిన అఫ్ఘన్ గడ్డ మీదికి జరిగింది. యుద్ధ సంవత్సరాల్లో కారేజులు (భూగర్భ కాలువలు) పూడిపోయాయి. తోటలు ఎండిపోయాయి. రోడ్లు చెడి, పండించిన పండు బజారు చేరేలోగా కుళ్లిపోయే స్థితి వచ్చింది. గసగసాల పంటకు ఈ బాధ లేదు. కాయకు గాటు పెట్టి తీసిన జిగురు ఏళ్ల తరబడి నిలువ ఉంటుంది. కొనేవాడు ఇంటి ముంగిటికే వస్తాడు.

అన్నిటికన్నా ముఖ్యం, అతడు సొమ్ము ముందే ఇస్తాడు. బ్యాంకు లేని పల్లెల్లో చలికాలం గడవడానికి, పెళ్లికి, వైద్యానికి రైతుకు పుట్టే అప్పు ఇదే. దీనిని అక్కడివారు 'సలమ్' అంటారు. విత్తే కాలంలో వ్యాపారి ఇంత సరుకుకు ఇంత అని సొమ్ము ఇస్తాడు. ఆ ధర తరచు నాటి బజారు ధరలో సగానికి దగ్గరగా ఉంటుంది. వసంతంలో కోత కాగానే రైతు సరుకు తూచి ఇవ్వాలి. ఇది ఎవరికీ తెలియని రహస్యం కాదు. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్య నియంత్రణ కార్యక్రమమే 1999లో ఈ రుణపద్ధతిపై ఒక ప్రత్యేక అధ్యయనం ప్రచురించింది.

సలమ్ మన ఫిఖ్హ్ గ్రంథాల్లో సుపరిచితమైన మాట. దైవప్రవక్త (సల్లం) మదీనాకు వచ్చేనాటికి అక్కడి వారు ఖర్జూర పంటకు ఏడాది, రెండేళ్లు ముందుగానే సొమ్ము ఇచ్చేవారు. ఆయన దానిని రద్దు చేయలేదు. కొలత, తూకం, గడువు స్పష్టంగా ఉండాలన్న షరతులు విధించి ధర్మసమ్మతం చేశారు. కోతకు ముందు చేతిలో పైసా లేని సాగుదారుకు సహాయపడటమే ఇందులోని ఉద్దేశం. అటువంటి ఒప్పందం పేరు నల్లమందు వ్యాపారి చేతిలో రైతు మెడకు ఉరిగా మారడం విచారకరం.

మొదటి నిషేధం

2000 జులైలో ముల్లా ఉమర్ గసగసాల సాగును నిషేధించాడు. ఐక్యరాజ్యసమితి సర్వే ప్రకారం 2000లో 82,000 హెక్టార్లున్న సాగు 2001లో దాదాపు 8,000 హెక్టార్లకు పడిపోయింది. మిగిలినదానిలో అధికభాగం తాలిబాన్ అధీనంలో లేని బదఖ్షాన్‌లోనిదే. హెక్టార్ల లెక్కలో ఇది ఆ రంగంలో కనీవినీ ఎరుగని విజయం.

అప్పుల లెక్కలో చూస్తే బొమ్మ తలకిందులవుతుంది. 2000లో కిలో నల్లమందుకు రైతుకు దక్కిన సగటు ధర 28 డాలర్లు. 2001లో అది 301 డాలర్లయింది. నిషేధానికి ముందు సొమ్ము పుచ్చుకొని సరుకు ఇవ్వలేకపోయిన రైతు బాకీని వ్యాపారులు కొత్త ధరకు మార్చి రాసుకున్నారు. తీసుకున్నది కొద్ది డాలర్లు, తీర్చవలసింది దానికి ఎన్నో రెట్లు. నిల్వలున్న వ్యాపారి మాత్రం ఒక్క గింజ విత్తకుండానే లాభపడ్డాడు. ఆ శరదృతువులో తాలిబాన్ ప్రభుత్వం కూలగానే రైతులు గసగసాలు విత్తారు. 2002లో సాగు 74,000 హెక్టార్లకు చేరింది. పెరిగిన ధర ఒక కారణం. మెడ మీది అప్పు మరొక కారణం. బాకీకి బదులుగా కూతుళ్లను ఇచ్చుకున్న కుటుంబాల గాథలను పాత్రికేయురాలు ఫరీబా నవా 2011లో వెలువడిన తన గ్రంథంలో నమోదు చేశారు. యువతి సమ్మతి లేని ఇలాంటి బేరానికి నికాహ్ అన్న పేరు ఎలా తగులుతుంది?

ఇరవై ఏళ్ల అంతర్జాతీయ కృషి

2002లో మాదకద్రవ్య నియంత్రణ బాధ్యతను బ్రిటన్ స్వీకరించింది. పంట తొలగించిన రైతుకు జరీబుకు (హెక్టారులో ఐదవ వంతు) 350 డాలర్ల పరిహారం ప్రకటించింది. ఆ సొమ్ములో ఎంతో భాగం స్థానిక పెద్దల చేతుల్లో పడింది. పరిహారం ఆశతో మరింత విత్తినవారూ ఉన్నారు. తర్వాత బలవంతపు తొలగింపు మొదలైంది. అధికారులతో పరిచయమున్నవాడి చేను నిలిచింది, లేనివాడి చేను ట్రాక్టరు కింద పడింది. 2003లో పారిస్‌లో దేశాల మంత్రులు సమావేశమై రవాణా మార్గాల మీద ఉమ్మడి కృషికి ఒడంబడ్డారు. 2017 నవంబరు నుండి అమెరికా విమానాలు హెల్మంద్‌లోని హెరాయిన్ తయారీ స్థావరాల మీద బాంబులు వేశాయి. లక్షల డాలర్ల ఖర్చుతో కూల్చినవి ఎక్కువగా పీపాలు, పొయ్యిలున్న మట్టి కట్టడాలు. వాటిని మళ్లీ కట్టుకోవడానికి ఎన్నాళ్లో పట్టదు.

ఫలితమేమిటి? 2007లో 193,000 హెక్టార్లు, 2014లో 224,000, 2017లో 328,000. అఫ్ఘన్ పునర్నిర్మాణ వ్యయాన్ని తనిఖీ చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ 2018లో ఒక నివేదిక ప్రకటించింది. 2002 నుండి 2017 వరకు అమెరికా ఈ పని మీద వెచ్చించినది 862 కోట్ల డాలర్లనీ, సాగులో గానీ ఉత్పత్తిలో గానీ శాశ్వతమైన తగ్గుదల సాధించిన కార్యక్రమం ఒక్కటీ లేదనీ ఆ నివేదికే ఒప్పుకున్నది. ఇంతకన్నా కఠినమైన విమర్శ బయటివారు చేయనక్కర లేదు.

అయితే ఈ వైఫల్యాన్ని అధికారుల అవినీతితోనో, తాలిబాన్ మొండితనంతోనో సరిపెట్టడం సగం సత్యమే. అసలు సొమ్ము పొలంలో లేదు. నల్లమందును హెరాయిన్‌గా మార్చడానికి ఎసిటిక్ అన్‌హైడ్రైడ్ అనే రసాయనం కావాలి. అది బయటి దేశాల కర్మాగారాల నుండి దొంగచాటుగా రావలసిందే. దీని మీద నిఘా కోరుతూ భద్రతా మండలి 2008లో 1817వ తీర్మానం ఆమోదించింది. మనదేశానికి సంబంధించిన ఒక ఉదాహరణ కూడా ఉంది. 2021 సెప్టెంబరులో గుజరాత్‌లోని ముంద్రా రేవులో సుమారు 3,000 కిలోల అఫ్ఘన్ హెరాయిన్ పట్టుబడింది. ఇరాన్‌లోని బందర్ అబ్బాస్ మీదుగా సుద్దరాళ్లన్న పేరుతో వచ్చిన ఆ సరుకు దిగుమతిదారు చిరునామాగా కాగితాల్లో ఉన్నది మన విజయవాడ. కాందహార్ పొలానికీ విజయవాడ చిరునామాకూ మధ్య ఎన్ని చేతులు, ఎన్ని ఖాతాలు ఉంటాయో పాఠకులు ఊహించవచ్చు. ఇరాన్ సరిహద్దుల్లో ఈ రవాణాను అడ్డుకుంటూ 1979 తర్వాత మూడు వేలకు పైగా భద్రతా సిబ్బంది ప్రాణాలర్పించారు. ఇంత పొడవైన గొలుసులో అందరికన్నా సులభంగా చేతికి చిక్కేవాడు రైతు. ఎందుకంటే అతడి చేను ఉపగ్రహానికి కనబడుతుంది. వ్యాపారి పద్దు పుస్తకం కనబడదు.

రెండవ నిషేధం

2022 ఏప్రిల్ 3న తాలిబాన్ అధినేత హిబతుల్లా అఖుంద్‌జాదా మళ్లీ నిషేధం ప్రకటించారు. 2022లో 233,000 హెక్టార్లున్న సాగు 2023లో 10,800 హెక్టార్లకు తగ్గింది. 2024లో 12,800, 2025లో 10,200. నిజం నిజంగా చెప్పాలి: ఇరవై ఏళ్లలో శతకోట్ల డాలర్లు చేయలేని పనిని ఈ నిషేధం ఒక్క ఏడాదిలో చేసింది. ఇరాన్‌లో, పాకిస్తాన్‌లో, స్వయంగా అఫ్ఘనిస్తాన్‌లో ఈ విషానికి బలైపోతున్న లక్షలాది యువకులను తలచుకుంటే దీనిని తక్కువ చేయడం న్యాయం కాదు. ఇదే షరీఅత్ విజయమని మన సోదరులు కొందరు సంతోషించడమూ సహజమే.

కాని షరీఅత్ పేరు చెప్పినప్పుడు లెక్క పూర్తిగా చూడాలి. నల్లమందు రైతుల రాబడి 2022లో 136 కోట్ల డాలర్లు కాగా 2023లో 11 కోట్లకు పడిపోయింది. ఆ ఏడాది హెక్టారు గసగసాలకు సుమారు 10,000 డాలర్లు వచ్చేచోట గోధుమకు వచ్చేది 770 డాలర్లని ఐక్యరాజ్యసమితి లెక్క. మరోవైపు 2022 చివరికి దేశంలో 13,200 టన్నుల నిల్వలున్నాయని అదే సంస్థ అంచనా వేసింది. ఇవి 2027 వరకు గిరాకీకి సరిపోతాయట. అంటే చేలు ఖాళీ అయ్యాయి, గిడ్డంగులు కాలేదు. 2024 మే నెలలో బదఖ్షాన్‌లో పంట తొలగింపును రైతులు ఎదిరించినప్పుడు జరిగిన ఘర్షణలో ఇద్దరు చనిపోయారు. ప్రకటితమైన ఫర్మానాలో సాగు, రవాణా, వ్యాపారం, ఎగుమతి, దిగుమతి అన్నిటి ప్రస్తావన ఉన్నది. రైతు బాకీ గురించి ఒక్క మాట లేదు.

మదీనాలో ఏమి జరిగింది?

మద్యనిషేధం మూడు దశల్లో జరిగిందన్నది విదితమే. బఖరా, నిసా, మాయిదా సూరాల్లోని ఆయతులు దీనికి సాక్ష్యం. తుది ఆజ్ఞకు ముందు, నిషేధం రాగలదన్న సూచన గ్రహించి, మద్యం ఉన్నవారు దానిని అమ్ముకొని లాభపడండని దైవప్రవక్త (సల్లం) చెప్పినట్లు సహీహ్ ముస్లింలో ఉన్నది. ఆజ్ఞ వచ్చిన రోజున నిల్వలు వీధుల్లో పారబోశారు. అనాథల సొత్తుగా ఉన్న మద్యాన్ని కూడా వెనిగర్‌గా మార్చి మిగుల్చుకోవడానికి అనుమతి దొరకలేదు. ఈ వరుసను గమనించండి. ముందు హెచ్చరిక, ఆపై నిషేధం, నిషేధంతో పాటు నిల్వల నాశనం. ధర పెరుగుతుందని దాచుకున్నవాడికి అక్కడ చోటు లేదు.

అఫ్ఘనిస్తాన్‌లో అధికంగా అనుసరించేది హనఫీ మస్లక్. వైద్యావసరం కొరకు నల్లమందు అమ్మకం గురించి హనఫీ ఫకీహుల చర్చ వేరే ఉన్నది. హెరాయిన్ తయారీకని తెలిసి చేసే బేరానికి అది అండ కాదు. ఒకవేళ ఒప్పందం మొదట చెల్లినదేనని వాదించినా, సరుకు అప్పగించడం అసాధ్యమైనప్పుడు కొన్నవాడికి దక్కేది తానిచ్చిన మూలధనం మాత్రమే. దానిని నేటి బజారు ధరకు మార్చి వసూలు చేసే హక్కు అతడికి లేదు. అప్పుకు మించిన ఆ రాబడిని వడ్డీ కాదని ఎవరనగలరు? ఇబ్బందుల్లో ఉన్న రుణగ్రస్తునికి గడువివ్వాలని, మాఫీ చేయడం మరీ మంచిదని బఖరా సూరా 280వ ఆయతు బోధిస్తున్నది. తౌబా సూరా 60వ ఆయతు జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాల్లో రుణగ్రస్తులను స్పష్టంగా చేర్చింది. కనుక బాకీలను మూలధనానికి పరిమితం చేసే ఉత్తర్వు, అది కూడా తీర్చలేనివారికి జకాత్ నిధి నుండి సహాయం, నిల్వల నాశనం - ఈ మూడూ నిషేధంతో సమానమైన షరీఅత్ ఆదేశాలే. నిషేధాన్ని మాత్రం తీసుకొని వీటిని వదలడం అసంపూర్ణ పాలన.

అంతర్జాతీయ సమాజానికీ ఒక పాఠం ఉన్నది. టర్కీ 1971లో అమెరికా ఒత్తిడి మీద గసగసాల సాగు నిషేధించి, 1974లో ఎత్తివేసింది. ఆపై కాయకు గాటు పెట్టకుండా, ఎండిన కాయలను ప్రభుత్వమే కొని మందుల తయారీకి వాడే లైసెన్సు పద్ధతి పెట్టింది. అక్కడి పంట దొంగబజారుకు పోవడం దాదాపు ఆగిపోయింది. టర్కీలో బలమైన ప్రభుత్వం ఉన్నది. అఫ్ఘనిస్తాన్‌లో ఇదే పద్ధతి నడుస్తుందని చెప్పడానికి లేదు. అయితే రైతుకు ధర్మసమ్మతమైన కొనుగోలుదారుని చూపిన తర్వాతనే అక్కడ మార్పు నిలిచిందన్న సంగతి మరువరాదు. 2024లో దోహాలో ఐక్యరాజ్యసమితి తాలిబాన్ ప్రతినిధులతో జరిపిన సమావేశంలో మాదకద్రవ్యాల నియంత్రణ చర్చకు వచ్చింది. ఆ చర్చలు ఫలించాలంటే బల్ల మీద పెట్టవలసిన మొదటి కాగితం ఉపగ్రహ చిత్రం కాదు, హెల్మంద్, బదఖ్షాన్ పల్లెల్లో ఏ ఇంటి మీద ఎంత బాకీ ఉన్నదో తెలిపే జాబితా. 2001లో ఆ జాబితా ఎవరూ రాయలేదు. మరుసటి వసంతంలో ఆ పొలాలు మళ్లీ పూచాయి.