తాటి టెంక దిగే లోతు

భాద్రపదంలో తాటిపండ్లు రాలతాయి. గుజ్జు పిసికి తీసుకున్నాక మిగిలిన టెంకల్ని తేగల కోసం పాతర వేస్తాం. వాటిలో కొన్నింటిని నేను పొలం గట్టుకు పట్టుకెళ్తాను. తాటిని పెంచడానికి ఇదొక్కటే దారి. నాటడానికి కొమ్మ ఉండదు, అంటు కట్టడం కుదరదు, ఖర్జూరంలా మొదట్లో పిలకలూ వెయ్యదు.

టెంక మొలిచే తీరు చూడాలి. ముందు పైకి రాదు. తెల్లటి మొలక తిన్నగా నేలలోకి దిగుతుంది, చెట్టు కాబోయే పిండాన్ని వెంట తీసుకుని మరీ దిగుతుంది. వేరూ ఆకూ పుట్టేది ఆ లోతులోనే. టెంకలోని గట్టి పప్పును లోపల పెరిగే మెత్తని గుంజు కరిగించి కిందికి పంపుతుంది. టెంక కొట్టించుకుని మనం తినే బుర్రగుంజు అదే. కిందికి చేరిన తిండి ఊరి గట్టిపడితే తేగ. ఉడికిన తేగను నిలువునా చీలిస్తే మధ్యలో కనిపించే చందమామే రాబోయే ఆకు. నెలలు గడిచాక అది నేల చీల్చుకుని వస్తుంది. మనమెరిగిన విసనకర్ర ఆకు కాదది, పొడవాటి ఒంటి రేకు. కలుపు తీసేవాళ్లు గడ్డి అనుకుని పీకేస్తారు.

అందుకే తాటి మొక్కల్ని ప్లాస్టిక్ సంచుల్లో పెంచి నాటించడం నాకు నచ్చదు. సంచి అడుగు తగిలిన మొలకకు దిగే చోటు ఉండదు. చెట్టు ఎక్కడ నిలవాలో అక్కడే, నేల తడి ఆరకముందే, టెంకనే పాతాలి.

పోతుదో పెంటిదో పూత వచ్చేదాకా తెలియదు. దానికి 12 నుంచి 15 ఏళ్లు, ఒక్కోచోట ఇంకా ఎక్కువే పడుతుంది. రంపచోడవరం దగ్గర పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానంలో తాటి మీద ఏళ్లుగా పనిచేస్తున్నవాళ్లకైనా ఈ నిరీక్షణ తప్పదు. కాబట్టి ఒకటి నాటి ముంజల కోసం చూడకుండా గట్టు పొడవునా వరసగా వెయ్యాలి. కల్లు రెండింటికీ వస్తుంది, ముంజలు మాత్రం పెంటితాటికే.

ఇటుక బట్టీలకు పోతున్న తాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఈసారి పాతర వేసేవాళ్లు నాలుగు టెంకలు గట్టుకు వదలండి. పైన ముళ్లకంప కప్పండి. దున్నడానికి వచ్చే ట్రాక్టరు అబ్బాయికి చోటు చూపించండి. ఎండాకాలం గట్ల మీద గడ్డికి నిప్పు పెట్టకండి.