ఫ్రీక్వెన్సీకి ధర కట్టిన పనితనం

మంచి ఇంజన్‌ను మెచ్చుకున్నంత సులువుగా ఒక సర్కారీ నిబంధనను ఎవరూ మెచ్చుకోరు. కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ 2000 జనవరిలో వెలువరించిన ఏబీటీ ఉత్తర్వు, అంటే అవైలబిలిటీ బేస్డ్ టారిఫ్, అలాంటి మెప్పుకు తగినదని నా నమ్మకం. దాని రూపశిల్పిగా ఇంజనీర్ భానుభూషణ్‌కు పేరు.

అంతకుముందు పరిస్థితి ఏమిటి? రామగుండం లాంటి కేంద్ర విద్యుత్ స్టేషన్లకు ఎన్ని ఎక్కువ యూనిట్లు తీస్తే అంత ప్రోత్సాహకం. అందుకే అర్ధరాత్రి వాడకం పడిపోయినా ఉత్పత్తి తగ్గేది కాదు, గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్‌ను దాటి పైకి పోయేది. సాయంత్రమైతే రాష్ట్రాలు వాటాకు మించి లాగేవి, ఫ్రీక్వెన్సీ 49 కిందికి జారేది. గ్రిడ్‌ను నడిపే లోడ్ డిస్పాచ్ సెంటర్ ఫోన్ చేసి బతిమాలుకోవాల్సిందే. మాట విన్నవాడికి లాభం లేదు, విననివాడికి నష్టం లేదు.

ఏబీటీ బిల్లును మూడు ముక్కలు చేసింది. స్టేషన్ సిద్ధంగా ఉన్నందుకు ఒక రుసుము, ముందురోజు ఒప్పుకున్న షెడ్యూలు మేరకు ఇంధన ఖర్చు, షెడ్యూలు తప్పితే మూడో లెక్క. పనితనమంతా ఈ మూడోదానిలోనే ఉంది. రోజును పదిహేను నిమిషాల చొప్పున 96 భాగాలు చేసి, ఒక్కో భాగంలోని సగటు ఫ్రీక్వెన్సీని బట్టి యూనిట్ ధర కట్టారు. అప్పట్లో 50.5 హెర్ట్జ్ దగ్గర ధర సున్నా. అక్కడి నుంచి 0.02 తగ్గినప్పుడల్లా 5.6 పైసలు పెరుగుతూ, 49.02 కిందికి వచ్చేసరికి 4 రూపాయల 20 పైసలు.

దీని అందం చూడండి. కలిసి నడిచే గ్రిడ్‌లో ఫ్రీక్వెన్సీ ఏ ఊళ్లోనైనా దాదాపు ఒకటే. కంట్రోల్ రూమ్‌లో మీటర్ చూసిన ఆపరేటర్‌కు ఆ నిమిషపు ధర తెలిసిపోయేది. యూనిట్‌కు రూపాయి బొగ్గు కాల్చే స్టేషన్, ధర అర్ధరూపాయికి పడితే తనంతట తానే ఉత్పత్తి తగ్గించేది. ఎక్కువ లాగిన రాష్ట్రం కట్టిన డబ్బు, తక్కువ లాగిన రాష్ట్రానికీ అదనంగా ఇచ్చిన స్టేషన్‌కూ చేరేది. ఎవరి స్వార్థం వాళ్లు చూసుకున్నా గ్రిడ్ నిలబడేది. దక్షిణాదిలో 2003 జనవరి 1న అమలైంది. కొత్త స్టేషన్ల కోసం ఆగకుండానే ఫ్రీక్వెన్సీ దారికొచ్చింది.

లోపం లేదనను. కొరత రాష్ట్రాలు దీన్ని బజారుగా వాడుకుని అడ్డంగా లాగేశాయి. తర్వాత పరిమితులు పెట్టక తప్పలేదు.

బొగ్గు కాలంలో పుట్టిన ఈ లెక్కలోకి గాలినీ ఎండనూ తేవడం ఇంకా కష్టమైన పని. కమిషన్ నిబంధనల 2015 సవరణలో అంతర్రాష్ట్ర గ్రిడ్‌కు కలిసిన పవన, సౌర కేంద్రాల అంచనా తప్పును షెడ్యూలుతో కాకుండా, అందుబాటులో ఉన్న సామర్థ్యంతో పోల్చి కొలిచారు. తేడా చిన్నదిగా కనిపిస్తుంది. తెల్లవారుజామున 100 మెగావాట్ల సౌర కేంద్రం 5 వస్తుందని చెప్పి 7 ఇచ్చిందనుకోండి. షెడ్యూలుతో పోలిస్తే తప్పు 40 శాతం, సామర్థ్యంతో పోలిస్తే 2 శాతమే. అప్పట్లో 15 శాతం దాకా జరిమానా ఉండేది కాదు, రోజుకు 16 సార్లు అంచనా సవరించుకునే వీలూ ఉండేది. మబ్బు పట్టినందుకు శిక్ష ఉండేది కాదు, అంచనా వేయకపోతే మాత్రం ఉండేది.

2022 డిసెంబరులో కమిషన్ కొత్త నిబంధనలు ధరకూ ఫ్రీక్వెన్సీకీ ఉన్న లంకెను తెంచాయి. గ్రిడ్ ఒడుదొడుకులు పెరిగాయి. కొద్ది వారాల్లోనే కమిషన్ ఉత్తర్వులతో ఆ ముడి మళ్లీ పడింది.