దిగని ఫోటోలు

మెదక్ పట్టణంలో పెద్దవయసు స్త్రీల జ్ఞాపకాలతో ఒక చిన్న డాక్యుమెంటరీ తీయాలని మిత్రులం కొందరం అనుకున్నాం. "మీ పాత ఫోటోలు తీసుకుని వాటి గురించి కెమెరా ముందు మాట్లాడండి" అని ఇల్లిల్లూ తిరిగి అడిగాం. మామూలు కోరికే కదా అనుకున్నాం. కాదని తెలియడానికి రెండు రోజులు పట్టింది.

మొదటి ఇళ్లల్లో ఆల్బమ్‌లు దొరికాయి. కానీ ఆల్బమ్ దాచిన బీరువా తాళంచెవి ఆ పెద్దామె దగ్గర లేదు. కొడుకు రావాలి, తియ్యాలి. పెళ్లి, గృహప్రవేశం, మనవడి పుట్టువెంట్రుకలు... ప్రతి ఫోటోలోనూ కుటుంబం ఉంది. ఆమె మాత్రం ఎవరికో భార్యగా, ఎవరికో తల్లిగా ఓ పక్కన నిలబడి ఉంది. మేం ఆమెను అడుగుతుంటే వెనకనుంచి ఇంట్లో మగవాళ్లు జవాబు చెప్పారు. ఆ ఆల్బమ్ ఆమెది కాదు, ఆ ఇంటిది.

తర్వాత ఒక బీడీ కార్మికురాలి ఇంటికి వెళ్లాం. "నా కాడ ఫోటోలేడియి బిడ్డా? పించను బుక్కు మీదున్నదే నా ఫోటో" అని నవ్వింది. ఫోటో ఉన్న ఓటరు కార్డులు మనకి 1993లో మొదలయ్యాయి. ఆమెలాంటి ఎందరికో మొదటి ఫోటో తీయించింది ప్రభుత్వమే. అదీ జ్ఞాపకం కోసం కాదు, లెక్క కోసం.

మా పిలుపులోని లోపం అక్కడ బోధపడింది. "ఫోటోలున్న పెద్దవాళ్లు కావాలి" అనడమంటే కులాన్నీ వర్గాన్నీ బట్టి మనుషుల్ని ముందే వడగట్టడం! ఈ వడపోత కొత్తదీ కాదు. పరదా పాటించే స్త్రీల కోసం రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో జెనానా స్టూడియో తెరిచాడు. దాన్ని నడిపింది కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు మహిళ. కెమెరా వెనక స్త్రీ ఉండటం గొప్ప విషయమే. కానీ ఆ గడప తొక్కగలిగింది కలిగినవాళ్ల ఇళ్ల ఆడవాళ్లే.

మరి పేద స్త్రీల పాత ఫోటోలు అసలే లేవా? ఉన్నాయి. వాళ్ల దగ్గర లేవు, అంతే. మెదక్ చర్చి కట్టడం 1914లో మొదలై, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. కరువు రోజుల్లో తిండి పెట్టి పని చేయించారని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. కట్టించిన పాస్నెట్ దొర పేరు అందరికీ తెలుసు. రాళ్లూ మట్టీ మోసిన ఆడవాళ్ల పేర్లు ఎవరికి తెలుసు? మెథడిస్టు మిషనరీల కాగితాలూ ఫోటోలూ లండన్‌లోని సోయాస్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. మిషనరీల ఫోటోల్లో మన ఆడవాళ్లు తరచుగా పేర్లు లేని గుంపులుగానే కనిపిస్తారు. 2024లో చర్చికి నూరేళ్లు నిండాయి. మోసినవాళ్లు పోయారు. వాళ్ల మనవరాళ్ల దగ్గర మిగిలింది ఫోటో కాదు, మాట.

మాటనే నమ్మి పని చేసినవాళ్లు మనకు ముందే ఉన్నారు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల నోటిమాటలతో రూపొందింది. తుపాకీ పట్టుకున్న స్త్రీల ఫోటోలు మనం పోస్టర్ల మీద చూశాం. ఆ తుపాకీ దించాక వాళ్ల బతుకు ఏమైందో ఫోటో చెప్పలేదు. ఆ గొంతులే చెప్పాయి.

కెమెరా సంగతికొస్తే, పాఠం ఇంకా దగ్గర్లోనే ఉంది. 2016 దాకా మెదక్ జిల్లాలోనే ఉన్న జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో, డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు తామే కెమెరా పట్టి సినిమాలు తీశారు. పైనుంచి కిందికి చూసే షాట్‌కి వాళ్లు పెట్టుకున్న పేరు పటేల్ షాట్. కిందినుంచి పైకి చూసేది బానిస షాట్. కంటికి కన్ను సమానంగా ఉండేది సంఘం షాట్. సంఘంలో అందరూ సమానమే కదా! సినిమా సిద్ధాంత గ్రంథాలు చదువుకున్న మాకు ఈ మూడు మాటలు చాలా చెప్పాయి. మెదక్‌లో మేం కుర్చీల్లో కూచుని, ఆ అవ్వను గడపమీద కూచోబెట్టి తీసింది ఏ షాట్?

మర్నాడు మళ్లీ వెళ్లి కెమెరాతో సహా కిందే కూచున్నాం. ప్రశ్న మార్చాం. "నువ్వు దిగాలనుకుని దిగని ఫోటో ఏది అవ్వా?"

చాలాసేపు మాట్లాడలేదు. చేతులు మాత్రం ఆకు కత్తిరించి బీడీ చుడుతున్నట్టు కదిలాయి. "నేను, నా దోస్తు. ముప్పయ్యేండ్లు ఒక్క చాట కాడ కూసున్నం. నా మొగనితోని కూడ గన్ని ముచ్చట్లు జెప్పలే. ఇద్దరం కలిసి ఒక్క ఫోటో దిగలే. అది సచ్చిపాయె" అంది.

పెళ్లికి ఫోటో ఉంటుంది. స్నేహానికీ పనికీ ఎవరు తీయిస్తారు? కుటుంబం ఆల్బమ్‌లో చోటు దొరకని స్త్రీల జీవితం ఎంతో ఇలా చేతుల కదలికల్లో ఉండిపోయింది.

ఆ తర్వాత అవ్వ ఇంట్లో జరిగిన ఒక సంగతి చెప్పబోయి ఆగింది. "గిది నా కొడుకు జూస్తడా?" అంది. పుస్తకంలోనైతే పేరు మార్చవచ్చు. సినిమాలో ముఖాన్ని ఎలా మారుస్తాం? కెమెరా ఆపేశాం. అప్పుడు చెప్పింది. అది మా సినిమాలో ఉండదు, ఇక్కడా ఉండదు.

పెద్దవాళ్ల జ్ఞాపకాలు వాళ్లతోపాటే పోతున్నాయన్న తొందర మనందరికీ ఉంది. అది నిజమైన తొందరే. కానీ ఏ జ్ఞాపకం మిగలాలో, ఏది తనతోనే పోవాలో తేల్చుకునే హక్కు ఆమెది. ఫోటోలు ఉన్నాయా అని అడిగే ముందు, ఎవరి ఎదుట మాట్లాడగలవు అని అడగాలని మెదక్‌లో నేర్చుకున్నాం.